పాత స్ప్లెండర్‌కి 10డబ్ల్యూ30 ఆయిల్ పోయాలా, మెకానిక్ అన్నట్టు 20డబ్ల్యూ50 పోయాలా?

ఖమ్మం స్ప్లెండర్ · ఏప్రిల్ 6

అందరికీ నమస్కారం. నాన్న బండి, 2005 స్ప్లెండర్ ప్లస్. మీటరు 86 వేలు చూపిస్తోంది. కానీ మధ్యలో కేబుల్ తెగి రెండేళ్లు అలాగే తిరిగింది, కాబట్టి లక్ష దాటేసిందనే మా లెక్క. నాన్న రిటైరయ్యాక నా చేతికొచ్చింది. ఆఫీసుకి రానూ పోనూ 36 కిలోమీటర్లు.

పోయిన నెల ఆయిల్ మార్పించడానికి వెళ్తే మెకానిక్ ఒక్కసారి రేజ్ ఇచ్చి విని, "ఇంజిన్ పాతబడింది తమ్ముడూ, పల్చటి ఆయిల్ ఇక ఇందులో ఆగదు, చిక్కటిది పోద్దాం" అని 20డబ్ల్యూ50 పోశాడు. నిజం చెప్పాలంటే టాపెట్ల సౌండ్, అంటే ఇంజిన్ పైన వాల్వుల దగ్గర వచ్చే టకటక, తగ్గింది. ఇంట్లో అందరూ సంతోషించారు.

కానీ పొద్దున్నే కిక్ కొడుతుంటే రాయిని తొక్కినట్టుంది. క్లచ్ నొక్కి ఫస్ట్ గేరు వేయగానే "టక్" మని బండి అరడుగు ముందుకు దూకుతోంది. రెండు కిలోమీటర్లు పోయాక అన్నీ సర్దుకుంటాయి. మాన్యువల్ తీసి చూస్తే 10డబ్ల్యూ30 అని ఉంది. మెకానిక్‌ని అడిగితే "అది కొత్త బండికి" అన్నాడు. ఎవరి మాట వినాలి?

బెజవాడ బండోడు · ఏప్రిల్ 6

మెకానిక్ మాటే విను బ్రో. నా పల్సర్ 150కి మొదటి రోజు నుంచీ 20డబ్ల్యూ50. లక్షా పది వేలు తిరిగింది, హెడ్ (ఇంజిన్ పై భాగం) కూడా విప్పలేదు. మా బెజవాడ ఎండలకి 10డబ్ల్యూ30 అంటే మజ్జిగలో నీళ్లు కలిపి, ఆ నీళ్లలో ఇంకొన్ని నీళ్లు కలిపినట్టు.

కిక్‌స్టార్ట్ · ఏప్రిల్ 6

అన్నా, పల్సర్‌కి కంపెనీ చెప్పిందే 20డబ్ల్యూ50. అంటే నువ్వు కూడా మాన్యువల్ ప్రకారమే పోస్తున్నావు. మరి ఆయన్ని మాత్రం మాన్యువల్ మానేయమంటున్నావు 😀

ల్యాబ్ మాస్టారు · ఏప్రిల్ 6

నేను పాతికేళ్లు లూబ్రికెంట్ టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేసి బయటికొచ్చినవాణ్ణి. ముందు డబ్బా మీద అంకెల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే సగం గొడవ అక్కడే ఉంది.

చాలామంది అనుకునేదేంటంటే, 10డబ్ల్యూ30 చల్లగా ఉన్నప్పుడు 10లా పల్చగా ఉండి, వేడెక్కాక 30 అయ్యి చిక్కబడుతుందని. అలా జరగదు. ఏ ఆయిలైనా వేడెక్కితే పల్చబడాల్సిందే. అరిసెల పాకం పొయ్యి మీద ఉన్నంతసేపూ జారుతుంది, దించాక గట్టిపడుతుంది చూడండి, అదే లెక్క. మొదటి అంకె చలిలో పెట్టే పరీక్షది, రెండోది వేడి మీద పెట్టే పరీక్షది. రెండూ వేర్వేరు కొలతలు, వాటికి ఒకదానితో ఒకటి పోలిక లేదు.

డబ్ల్యూ అంటే వింటర్. 10డబ్ల్యూ ఆయిల్‌కి ఇంజిన్ తిరిగే పరీక్ష మైనస్ 25 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూకి మైనస్ 15 దగ్గర. మన లంబసింగిలో నీళ్లు గడ్డకట్టాయని పేపర్లో వేసిన రోజు కూడా మనం ఆ దరిదాపుల్లో ఉండం. అందుకని "మన దేశంలో మొదటి అంకెతో పనిలేదు" అంటుంటారు. అది సగమే నిజం. డేటా షీట్లలో మామూలుగా కనిపించే అంకెలు చెబుతాను: 40 డిగ్రీల దగ్గర 10డబ్ల్యూ30 చిక్కదనం సుమారు 70 సెంటిస్టోక్స్ (చిక్కదనానికి కొలమానం), 20డబ్ల్యూ50ది సుమారు 165. రెట్టింపు పైన. పొద్దున ఆరింటికి మీ బండి ఇంకా చల్లగా ఉంటుంది కాబట్టి ఆ తేడా మరింత పెద్దది. మీ కాలికి రాయిలా తగిలింది అదే. గేరు వేయగానే దూకడం కూడా అదే. క్లచ్ ప్లేట్ల మధ్య చిక్కటి ఆయిల్ పట్టుకుని, మీరు లీవరు నొక్కినా ప్లేట్లు పూర్తిగా విడిపోవడం లేదు.

ఇక రెండో అంకె. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడ్ అంటే 9.3 నుంచి 12.5 సెంటిస్టోక్స్ లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. అంటే కొన్ని 40లు 50కి దగ్గరగా ఉంటాయి, కొన్ని 30కి దగ్గరగా ఉంటాయి. ఇంకో పరీక్ష ఉంది, 150 డిగ్రీల దగ్గర బాగా నలిపి చూసేది. అందులో (కొలమానం వేరు) కనీస హద్దు 30 గ్రేడ్‌కి 2.9, 10డబ్ల్యూ40కి 3.5, 20డబ్ల్యూ40కి 3.7, 20డబ్ల్యూ50కి కూడా 3.7. చూశారా? 20డబ్ల్యూ40కీ 20డబ్ల్యూ50కీ ఆ హద్దు ఒకటే. కాబట్టి "50 అయితే ఎండకి ఆగుతుంది, 40 ఆగదు" అన్న మాటకి అంత బలం లేదు.

ఖమ్మం స్ప్లెండర్ · ఏప్రిల్ 6

మాస్టారూ, చాలా థాంక్స్. అయితే సౌండ్ ఎందుకు తగ్గింది?

స్పానర్ 14 · ఏప్రిల్ 7

దానికి నేను చెప్తా. కర్నూల్లో ఇరవై రెండేళ్లుగా షెడ్డు నడుపుతున్నా, కాబట్టి నా మీద నేనే చెప్పుకుంటున్నా అనుకోండి.

పాత బండి రాగానే చిక్కటి ఆయిల్ ఎందుకు పోస్తామంటే, ఒకటి, షాపులో పెట్టేది ఒకటో రెండో రకాలు. స్ప్లెండర్ వచ్చినా పల్సర్ వచ్చినా అదే డబ్బా. రెండు, సౌండ్ తగ్గితే కస్టమర్ నవ్వుకుంటూ పోతాడు. టాపెట్ గ్యాప్ సెట్ చేయాలంటే ఇంజిన్ చల్లారాలి, రెండు క్యాపులు విప్పాలి, ఫీలర్ గేజ్ (గ్యాపు కొలిచే సన్నటి రేకు) పెట్టాలి, అరగంట పని. దానికి ఇచ్చేది ఎంత? చిక్కటి ఆయిల్ పోస్తే ఆ గ్యాపులో మెత్తగా దిండు పెట్టినట్టు అయ్యి సౌండ్ లోపలే ఉండిపోతుంది. గ్యాపు మాత్రం గ్యాపులానే ఉంది.

మీ మెకానిక్ మోసం చేశాడని కాదు. ఆయన చెవికి వినిపించిందాన్ని ఆయనకి తెలిసిన పద్ధతిలో తగ్గించాడు.

ఇప్పుడు నాకు మూడు సంగతులు చెప్పు తమ్ముడూ. పొగ వస్తుందా, వస్తే ఎప్పుడు? స్టార్ట్ చేయగానేనా, గుంజేటప్పుడా, యాక్సిలరేటర్ వదిలేసినప్పుడా? రెండు, డిప్‌స్టిక్ ఎప్పుడు చూశావు? మూడు, కిక్ వైపు కవర్ ఎప్పుడైనా విప్పారా?

డిప్‌స్టిక్ చూసే పద్ధతి చాలామందికి తెలియదు. ఇంజిన్ మూడు నాలుగు నిమిషాలు ఆన్‌లో ఉంచి ఆపెయ్. రెండు మూడు నిమిషాలు ఆగు. మెయిన్ స్టాండ్ వెయ్యి, నేల సమంగా ఉండాలి. డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టేటప్పుడు మర తిప్పొద్దు, ఊరికే ఆనించి తియ్. తిప్పి బిగించి చూస్తే ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. ఈ ఒక్క తప్పుతో సగం లీటరుతో నడుస్తూ ఫుల్‌గా ఉందనుకునే బండ్లు నా దగ్గరికి నెలకి రెండు వస్తాయి.

ఇంకోటి, క్లచ్ లీవర్ చివర ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల వదులు ఉండాలి. అది మరీ ఎక్కువైనా గేరు వేయగానే దూకుతుంది. పాపం అంతా ఆయిల్ మీదే నెట్టకండి.

ఆర్ఎక్స్ పిచ్చోడు · ఏప్రిల్ 7

మధ్యలో దూరుతున్నా, క్షమించండి. నా ఆర్ఎక్స్100కి 20డబ్ల్యూ40 పోయొచ్చా?

స్పానర్ 14 · ఏప్రిల్ 7

గేర్‌బాక్స్‌కేగా అడుగుతున్నావు? పోయొచ్చు, క్లచ్ అందులోనే మునిగి ఉంటుంది కాబట్టి బైకులది పొయ్యి, కార్లది వద్దు. పిస్టన్‌కి పోయేది 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్లలో పెట్రోల్‌తో పాటు కాలిపోయేది), దానికీ దీనికీ సంబంధం లేదు. పోయిన ఏడాది ఒకాయన 2టీ తీసుకెళ్లి గేర్‌బాక్స్‌లో పోసుకుని వచ్చాడు. అందుకే ఇంత వివరంగా చెప్తున్నా.

ఖమ్మం స్ప్లెండర్ · ఏప్రిల్ 7

అన్నా, నీ పద్ధతిలో ఇప్పుడే చూశాను. మర తిప్పకుండా ఆనించి తీస్తే డిప్‌స్టిక్ చివర తడి కూడా లేదు!! ఆయిల్ మార్చి సరిగ్గా 900 కిలోమీటర్లే అయింది. ఎదురుగా ఉన్న షాపుకి పరిగెత్తి అదే 20డబ్ల్యూ50 తెచ్చి పోశాను. పై గీత దాకా రావడానికి దగ్గర దగ్గర 250 మి.లీ. పట్టింది. చేతులు వణికాయి.

పొగ సంగతి: రాత్రంతా నిలబెట్టి పొద్దున మొదటి కిక్‌కి నీలంగా ఒక గుప్పెడు వస్తుంది. తర్వాత ఏమీ లేదు. ఇద్దరం ఎక్కి ఫ్లైఓవర్ ఎక్కినా అద్దంలో పొగ కనిపించదు. కిక్ వైపు కవర్ విప్పినట్టు నాన్నకి గుర్తు లేదు. క్లచ్ వదులు ఒకటిన్నర సెంటీమీటరు ఉంది, స్కేలు పెట్టి కొలిచాను.

బెజవాడ బండోడు · ఏప్రిల్ 7

చూశారా! 20డబ్ల్యూ50 పోస్తేనే 900 కిలోమీటర్లకి పావు లీటరు తాగింది. 10డబ్ల్యూ30 పోసుంటే ఈపాటికి ఇంజిన్ బిగుసుకుపోయేది.

ల్యాబ్ మాస్టారు · ఏప్రిల్ 7

లేదా మెకానిక్ మొదట్లోనే తక్కువ పోసి ఉండొచ్చు. లేదా డ్రైన్ బోల్ట్ దగ్గర కారుతూ ఉండొచ్చు. మొదటి కొలత లేకుండా రెండో కొలతకి అర్థం లేదు. ల్యాబ్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్లకి నేను మొదటి రోజు చెప్పేది ఇదే.

ఖమ్మం బాబూ, మీరు ఇప్పుడు పై గీత దాకా నింపారు కదా. మీటరు రీడింగ్ రాసి పెట్టండి. ప్రతి ఆదివారం పొద్దున ఒకే చోట, ఒకే పద్ధతిలో చూడండి. మెడికల్ షాపులో 20 మి.లీ. సిరంజి కొనండి, తగ్గినంత సిరంజితో పోసి పై గీతకి తెచ్చి, ఎన్ని మి.లీ. పట్టిందో రాయండి. రాత్రిపూట ఇంజిన్ కింద అట్ట ముక్క వేయండి, కారితే అది చెబుతుంది. నాలుగు వందల కిలోమీటర్లు దీంతో, తర్వాత 10డబ్ల్యూ30కి మార్చి ఇంకో నాలుగు వందలు. అప్పుడు వాదించుకుందాం.

డిప్‌స్టిక్ తీసినప్పుడల్లా వాసన చూడటం మర్చిపోవద్దు. పెట్రోల్ వాసన వచ్చినా, లెవెల్ తగ్గకపోగా పెరిగినా, కార్బొరేటర్ నుంచి పెట్రోల్ ఆయిల్లోకి దిగుతోందని అర్థం. అలాంటప్పుడు 50 పోసినా నెల తిరక్కుండా 30 అవుతుంది. చిక్కదనం మీద డబ్బు తగలేసే ముందు అది చూసుకోవాలి.

పాత ఇనుము · ఏప్రిల్ 8

రాజమండ్రి నుంచి. నాది కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350. మా బండ్ల సంగతి వేరు కాబట్టి ఈ చర్చలో చెప్పొచ్చో లేదో కానీ చెప్తాను. బుల్లెట్ పాత ఇంజిన్‌లో ఇంజిన్ ఆయిల్ వేరు, గేర్‌బాక్స్ వేరు, క్లచ్ ఉండే చైన్‌కేస్ వేరు. మూడు గదుల ఇల్లు. అందులో బిగ్ ఎండ్‌కి (పిస్టన్ రాడ్ క్రాంక్‌ని పట్టుకునే చివరకి) బేరింగ్ కాదు, ఫ్లోటింగ్ బుష్ ఉంటుంది. అది ఆయిల్ పొర మీద తేలుతుంది. ఆ పొర చెదిరితే ఇంజిన్ పోయినట్టే. అందుకే నేను 20డబ్ల్యూ50 తప్ప వేరేది ముట్టను, పొద్దున స్టార్ట్ చేశాక రెండు నిమిషాలు రేజ్ ఇవ్వకుండా వదిలేస్తాను. మా వీధిలో పిల్లలు నా బండి సౌండ్ విని స్కూల్ టైమ్ చెప్తారు.

తర్వాత వచ్చిన యూసీఈ ఇంజిన్ (ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే పెట్టెలో ఉండేది) బుల్లెట్లకి మాత్రం కంపెనీయే 15డబ్ల్యూ50 అంది, అందులో అన్నిటికీ ఒకటే ఆయిల్. బుల్లెట్ అని ఒకే పేరు ఉంది కదా అని పాతదాని ఆయిల్ కొత్తదానికి పోసేవాళ్లు ఉన్నారు.

ల్యాబ్ మాస్టారు · ఏప్రిల్ 8

ఇనుము గారు మంచి సంగతి ఎత్తారు. స్ప్లెండర్‌లో క్రాంక్ బాల్ బేరింగుల మీద తిరుగుతుంది, బిగ్ ఎండ్‌లో సూది రోలర్లు. బుష్‌లా వాటికి ఒత్తిడితో కూడిన మందపాటి పొర అవసరం లేదు, ఆయిల్ త్వరగా చేరి తడుపుతూ ఉంటే చాలు. 97 సీసీ ఇంజిన్‌కి ఉండే చిన్న పంపు, సన్నటి దారులు. ఆయిల్ పైకి హెడ్ దాకా ఎక్కాలి. పొద్దున మొదటి నిమిషంలో ఆ ఎక్కడం ఎంత త్వరగా జరిగితే రాకర్లకి (వాల్వులని నొక్కే మీటలకి) అంత మంచిది. బుల్లెట్‌కి చిక్కటిది సరైనదే, స్ప్లెండర్‌కి పల్చటిది సరైనదే. బండి వయసు కన్నా ముందు దాని కడుపులో ఏముందో చూడాలి.

మానుకోట చిన్నోడు · ఏప్రిల్ 8

మా ఇంట్లో ట్రాక్టర్‌కి తెచ్చిన 15డబ్ల్యూ40 డబ్బా నిండా ఉంది. పాత ప్యాషన్‌కి పోస్తే ఏమవుతుంది? మా బాబాయి వాళ్ల కారు ఆయిల్ కూడా లీటరు మిగిలింది.

ల్యాబ్ మాస్టారు · ఏప్రిల్ 8

కారు ఆయిల్ వద్దు. మన బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్లోనే నానుతుంటాయి. ఈ కాలం కార్ల ఆయిల్లో, ముఖ్యంగా 30, ఇంకా పల్చటి గ్రేడుల్లో, మైలేజీ కోసం జారుడు మందు కలుపుతారు. అది క్లచ్‌కి తగిలితే గేరు పడుతుంది, ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు. అందుకే జపాన్ వాళ్లు 1998లో జాసో అని ఒక ప్రమాణం పెట్టారు. డబ్బా వెనక జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. ఎంబీ అని ఉంటే అది గేర్లు లేని స్కూటర్లకి, బైకుకి వద్దు. చాలామంది 10డబ్ల్యూ30 అని అడిగి ఇంటికి తెచ్చుకుంటారు, తీరా చూస్తే స్కూటర్‌ది. అంకె ఒకటే అయినా ఆయిల్ వేరు.

పాత బండికి ఇంకో లాభం ఉంది. వాల్వులు, రాకర్లు అరగకుండా కాపాడేది జింక్, ఫాస్ఫరస్ మందు. కొత్త కారు ఆయిళ్లలో, మళ్లీ ఆ పల్చటి గ్రేడుల్లోనే, సైలెన్సర్‌లోని కన్వర్టర్ పాడవకూడదని ఫాస్ఫరస్‌ని 800 పీపీఎం దాటనివ్వరు. జాసో బైకు ఆయిల్లో కనీసమే 800, పైన 1200 దాకా.

ట్రాక్టర్ ఆయిల్: డీజిల్ ఆయిల్లో మామూలుగా జారుడు మందు ఉండదు, పల్లెల్లో పోసి తిప్పేవాళ్లు బోలెడంత మంది. ఆ డబ్బా మీద జాసో ఎంఏ లేకపోతే నేనైతే పోయను. ట్రాక్టర్‌కి ఉంచండి, వానాకాలం ఎటూ వస్తోంది.

కిక్‌స్టార్ట్ · ఏప్రిల్ 9

లూజ్ ఆయిల్ గురించి ఎవరూ మాట్లాడలేదు. మా ఊళ్లో డ్రమ్ములోంచి కొలపాత్రతో పోస్తారు, "ఏ గ్రేడ్ అన్నా?" అంటే "మంచి గ్రేడ్" అంటారు.

స్పానర్ 14 · ఏప్రిల్ 9

హహ్హా. అలాంటి చోట గ్రేడ్ గురించి వాదించడం దండగ. సీల్ డబ్బా మీ కళ్లముందు విప్పించండి. ఖాళీ అయ్యాక మూతకి, డబ్బాకి మేకుతో రెండు చిల్లులు పెట్టి పారేయండి. మీరు పారేసిన డబ్బాలో నల్లగా ఉన్నదాన్ని వడగట్టి పోసి మళ్లీ మీకే అమ్మేవాడు ఎక్కడో ఒకచోట ఉంటాడు.

ఖమ్మం తమ్ముడూ, కిక్ వైపు కవర్ ఒకసారి విప్పించు. స్ప్లెండర్‌కి కాగితం ఫిల్టర్ ఉండదు. దాని బదులు ఒక జల్లెడ ఉంటుంది, ఇంకా క్రాంక్ చివర తిరుగుతూ మురికిని అంచుకి విసిరి పట్టుకునే గుండ్రటి కప్పు ఉంటుంది. ఆయిల్ మార్చినప్పుడు ఆ మురికి బయటికి రాదు, విప్పి తుడిస్తేనే. ఇరవై ఏళ్లు విప్పని బండిలో లోపల ఏముంటుందో తెలుసా? కాటుక. అచ్చం కాటుక డబ్బీలో గట్టిపడిన కాటుకలా పేరుకుని ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో గీకితే తుంపులుగా వస్తుంది. జల్లెడ సగం మూసుకుపోయి ఉంటే దాని గుండా 20డబ్ల్యూ50ని లాగమంటున్నావు. ప్యాకింగ్ కొత్తది కొనుక్కుని వెళ్లు, పాత ప్యాకింగ్ వేసి గమ్ము పూస్తే ఒప్పుకోవద్దు. ఆ గమ్ము ఊడి మళ్లీ జల్లెడలోకే పోతుంది.

బెజవాడ బండోడు · ఏప్రిల్ 9

అన్నీ ఒప్పుకుంటా కానీ ఒక్కటి. చిక్కటి ఆయిల్ ఇంజిన్‌ని చల్లగా ఉంచుతుంది. మే నెలలో బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో నిలబడి చూడండి, తొడలు కాలిపోతాయి.

ల్యాబ్ మాస్టారు · ఏప్రిల్ 10

చల్లగా ఉంచదు. చిక్కటి ఆయిల్‌ని పంపు తోయడానికి, గేర్లు చిలకడానికి ఎక్కువ శక్తి పోతుంది, ఆ శక్తి కూడా వేడిగానే మారుతుంది. కాకపోతే మీరు అన్నదాంట్లో ఒక నిజం ఉంది: సిగ్నల్లో గాలి తగలక ఆయిల్ 120 దాటిందనుకోండి, అప్పుడు 50 గ్రేడ్ పొర 30 గ్రేడ్ పొర కన్నా మందంగా మిగులుతుంది. పల్సర్ 150 అలాంటి వేడికి లెక్కేసి చేసిన ఇంజిన్. మీ బండికి మీరు చేస్తున్నది నూటికి నూరు పాళ్లు సరైనది. గొడవల్లా దాన్ని పక్కవాడి బండికి పోయడం దగ్గరే.

ఇంకో సంగతి. బైకుల్లో గేర్లు కూడా అదే ఆయిల్లో ఉంటాయి కాబట్టి, చిక్కదనం నిలబెట్టే పాలిమర్లని పళ్ల మధ్య వేసి నలిపేస్తాయి. కొత్తగా పోసినప్పుడు 50గా ఉన్నది రెండు మూడు వేల కిలోమీటర్లకి 40కి దిగడం మేము మామూలుగా చూసేవాళ్లం. టైముకి మార్చిన 40, టైము దాటిన 50 కన్నా నయం.

బెజవాడ బండోడు · ఏప్రిల్ 10

సరే మాస్టారూ, మీరు మార్కులు వేశారు, తీసుకుంటున్నా.

ఖమ్మం స్ప్లెండర్ · మే 2

లెక్కలు తెచ్చాను.

20డబ్ల్యూ50తో 410 కిలోమీటర్లు తిరిగాను. సిరంజితో పోసింది మొత్తం 85 మి.లీ. తర్వాత కిక్ వైపు కవర్ విప్పించి, 10డబ్ల్యూ30 జాసో ఎంఏ పోయించాను. 405 కిలోమీటర్లకి 100 మి.లీ. అట్ట మీద చుక్క కూడా లేదు. పెట్రోల్ వాసన లేదు.

స్పానర్ అన్నా, కాటుక అన్నావు చూడు, నేను నవ్వుకున్నాను కానీ ఆ కప్పు మూత తీయగానే మెకానికే "అబ్బో" అన్నాడు. అంచు చుట్టూ నల్లగా, వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తగా ఒక పొర, దాని కింద గట్టిది. జల్లెడలో గమ్ము ముక్కలు రెండు. అంటే ఎప్పుడో ఎవరో విప్పారన్నమాట. పెట్రోల్‌తో కడిగి పెట్టాడు.

10డబ్ల్యూ30 పోశాక కిక్ మళ్లీ కిక్‌లా ఉంది, గేరు దూకడం పోయింది. కానీ టాపెట్ల సౌండ్ మళ్లీ వచ్చింది. నాన్న వరండాలో కూర్చుని "కుట్టుమిషను తెచ్చావేంట్రా" అన్నారు.

మెకానిక్ ఇప్పుడు బోర్ వేయించి (సిలిండర్ లోపల కోయించి) పిస్టన్, రింగులు మార్చాలంటున్నాడు. ఏడు వేలు అవుతుందట. టెన్షన్‌గా ఉంది.

ల్యాబ్ మాస్టారు · మే 2

చక్కగా కొలిచారు. వెయ్యి కిలోమీటర్లకి లెక్కేస్తే చిక్కటిదానితో దాదాపు 205, పల్చటిదానితో దాదాపు 245. రెండూ ఎక్కువే. రెండు గ్రేడులు మారినా తేడా 40 మి.లీ. దాటలేదు. ఆయిల్ ఎక్కడో పోతోంది, చిక్కదనం దాన్ని ఆపలేకపోతోంది.

స్పానర్ 14 · మే 3

బోర్ ఆగనీ. రింగులు పోతే గుంజేటప్పుడు పొగ రావాలి, నీకు ఫ్లైఓవర్ మీద కూడా రావట్లేదు. రాత్రంతా నిలబెట్టి పొద్దున మొదటి కిక్‌కి గుప్పెడు నీలం పొగ వస్తే మొదటి అనుమానం వాల్వ్ సీళ్ల మీద. హెడ్‌లో నిలిచిన ఆయిల్ వాల్వ్ కాడ వెంట రాత్రంతా మెల్లగా లోపలికి దిగుతుంది, పొద్దున కాలుతుంది. ఇరవై ఏళ్ల రబ్బరు గట్టిపడి గాజులా అవుతుంది, గోటితో వంచితే విరుగుతుంది.

హెడ్ దించి సీళ్లు మార్పించు. దించినప్పుడు వాల్వ్‌ని గైడ్‌లో (అది కదిలే గొట్టంలో) పెట్టి పక్కకి ఊపి చూడమను, బాగా ఊగితే గైడ్ కూడా పోయినట్టు. బోర్‌లో వేలు పెట్టి పైన అంచు తగులుతుందేమో చూడు. గీతలు లేకపోతే, అంచు లేకపోతే బోర్ జోలికి పోవద్దు. బిగించాక ఇంజిన్ పూర్తిగా చల్లారాక టాపెట్లు గేజ్ పెట్టి సెట్ చేయించు, చెవితో కాదు.

పాత ఇనుము · మే 3

చెవితో సెట్ చేసే మెకానిక్కులు మా తరంలో ఉండేవాళ్లు. వాళ్లతో పాటు ఆ చెవులూ పోయాయి.

ఖమ్మం స్ప్లెండర్ · జూలై 14

ఆలస్యానికి క్షమించండి, వెయ్యి కిలోమీటర్లు పూర్తయ్యాక రాద్దామని ఆగాను.

హెడ్ దించాం. సీళ్లు అన్న చెప్పినట్టే ఉన్నాయి, ఒకటి తీస్తుంటేనే రెండు ముక్కలైంది. గైడ్లు బాగున్నాయి. బోర్‌లో గీతలు లేవు. కానీ ఒక రాకర్ వాల్వ్‌ని నొక్కే చోట చిన్న గుంట పడింది, సౌండ్‌లో సగం దానిదే. రాకర్ మార్చి, మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్ మీద గేజ్‌తో టాపెట్లు సెట్ చేయించాను. అన్నీ కలిపి బోర్ ఖర్చులో మూడో వంతు కూడా కాలేదు.

10డబ్ల్యూ30తోనే 1,020 కిలోమీటర్లు. సిరంజితో పోసింది 55 మి.లీ. పొద్దున పొగ లేదు. ఒక్కసారి మాత్రం నేనే తప్పు చేశాను: డబ్బా 900 మి.లీ. ఉంది కదా అని మొత్తం ఒంపేశాను, పాతది కొంత లోపల ఉండిపోతుందని గుర్తులేదు. పై గీత దాటిపోయింది. సిరంజికి సన్న పైపు తగిలించి ఎక్కువైనంత లాగేశాను.

ఒకే అనుమానం మిగిలింది. వచ్చే ఎండాకాలం కొత్తగూడెం వైపు డ్యూటీ పడేలా ఉంది, రోజూ హైవే. అప్పుడు ఏమైనా మార్చాలా?

ల్యాబ్ మాస్టారు · జూలై 14

55 అంటే ఈ వయసు బండికి చాలా బాగున్నట్టే. ఎండల్లో లోడుతో హైవే మీద తిప్పేట్టయితే, కావాలంటే 10డబ్ల్యూ40 ఎంఏ2 పోయండి. పొద్దున కిక్ దాదాపు ఇప్పట్లానే ఉంటుంది, వేడి మీద ఒక మెట్టు ఎక్కువ. 50 దాకా పోనవసరం లేదు.

స్పానర్ 14 · జూలై 14

నేనైతే మే, జూన్ రెండు నెలలు 20డబ్ల్యూ40 పోస్తా, చౌక, ప్రతి షాపులో దొరుకుతుంది. మాస్టారు ఒప్పుకోరు, తెలుసు.

ల్యాబ్ మాస్టారు · జూలై 14

ఒప్పుకోను. కానీ వద్దని కూడా అనను.

బెజవాడ బండోడు · జూలై 15

వచ్చే మే నెలలో మళ్లీ ఇక్కడే కలుద్దాం. ఈ థ్రెడ్‌ని సేవ్ చేసుకున్నా.

ఖమ్మం స్ప్లెండర్ · జూలై 16

అన్నా, అర్జెంటు. నిన్న నేనే సొంతంగా ఆయిల్ మార్చాను, 17 నంబర్ స్పానర్ కొని మరీ. ఇవాళ పొద్దున అట్ట మీద రూపాయి బిళ్లంత మచ్చ. డ్రైన్ బోల్ట్ దగ్గర చెమ్మ. ఇంకొంచెం బిగించమంటావా?

స్పానర్ 14 · జూలై 16

బిగించకు!! అల్యూమినియం చాంబర్, మర పోతే ఏడుస్తావు. వాషర్ కొత్తది వేశావా, పాతదే తిప్పి వేశావా?

ఖమ్మం స్ప్లెండర్ · జూలై 16

తిప్పి వేశా 😐

స్పానర్ 14 · జూలై 16

పది రూపాయలు. వెళ్లి తెచ్చుకో.